గడి నుంచి వచ్చిన రేడియేటర్

1948 మార్చి 3, బుధవారం. జనగామ

కారు మళ్లీ ఆగింది. రేడియేటర్ కారుతోంది. మా బాపు వదిలిపోయిన బండి, ఆయన ఉన్నప్పుడే పాతది. డ్రైవర్ మల్లయ్య చిల్లుకు సబ్బు మెత్తాడు... మైలు పోలేదు, ఆవిరి. కుంట కనిపించిన చోటల్లా ఆగడం, నీళ్లు పోయడం. బచ్చన్నపేట అవతల కాన్పుకు డాక్టరు కావాలని కబురు. మేం పోయేసరికి బిడ్డ పోయింది. తల్లి బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు.

తిరుగు దారిలో మల్లయ్యే అన్నాడు — "నడిచి పోయినా జల్ది పోతుంటిమమ్మా."

మార్చి 8, సోమవారం

సికింద్రాబాద్ దుకాణం నుంచి కబురు. కొత్త రేడియేటర్ నాలుగు వందల హాలీ రూపాయలు, నిజాం సిక్కాల్లో. అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు జొన్నలిస్తారు, కోడినిస్తారు, దండం పెడతారు. నా గాజులు అమ్మినా సగం కూడా రాదు.

మార్చి 10, బుధవారం

దొర కోటలాంటి గడి నుంచి, ఆయన లెక్కలు రాసే మున్షీ వచ్చాడు. నా కారు సంగతి ఎవరు చెప్పారో.

"గడిల పాత కారు ఊకెనే పడి ఉన్నది డాక్టరమ్మా. దాని రేడియేటర్ విప్పుకపోండ్రి. దొర పైసలేం అడుగుతలేడు."

అతను పోయాక మల్లయ్య నా వైపు చూడకుండా — "ఊకె ఇచ్చే చెయ్యి కాదమ్మా అది."

"ఇంకో బిడ్డ పోతే?" అన్నాను. రేపే గడికి పోయి విప్పుకురమ్మన్నాను.

మార్చి 13, శనివారం

మల్లయ్య గడి రేడియేటర్ బిగించాడు. కొలత కొంచెం తేడా. రోజంతా సుత్తి చప్పుడు. చుక్క కారడం లేదు.

మార్చి 17, బుధవారం

పాము కరిచిన పిల్లను హనుమకొండ పెద్ద దవాఖానకు చేర్చాం. ఎక్కడా ఆగలేదు. పిల్ల కళ్లు తెరిచింది. తల్లి మల్లయ్య కాళ్ల మీద పడబోయింది. మంచి పనే చేశాననుకున్నాను.

మార్చి 25, గురువారం

పొద్దున్నే మున్షీ. "దొరసానికి జరం. ఒక్క పూట కారు పంపుండ్రి."

నేనూ వచ్చి చూస్తానన్నాను.

"ఒద్దమ్మా, సీద హనుమకొండకే తీస్కపోతం. మా మనిషే నడుపుతడు."

మల్లయ్య గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు. చూశాను. కాదనే మాట నాలుక దాకా వచ్చింది... తాళం ఇచ్చేశాను.

మార్చి 26, శుక్రవారం

కారు వచ్చింది. వెనక సీటు తడిగా ఉంది. కడిగారు. దొరసానికి ఎలా ఉందని అడిగితే, తెచ్చినవాడు తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మార్చి 28, ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చేసరికి మల్లయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

గురువారం దొర మనుషులు సాయిలును నా కారులో పట్టుకుపోయి పోలీసు క్యాంపులో అప్పగించారట. దొరకు వెట్టి చెయ్యనని, దొరలను ఎదిరించే సంఘంలో చేరిన పిల్లవాడు. కాలికి దెబ్బ తగిలి వాగొడ్డున గుడిసెలో దాక్కుని ఉన్నాడు. ఊళ్లో ఎవరినడిగినా చెప్పలేదు. తల్లి లచ్చవ్వ నా కారు చూసింది. డాక్టరమ్మ వచ్చిందనుకుంది. ఎదురు ఉరికింది.

"తోవ ఆమెనే చూపెట్టిందట అమ్మా."

మార్చి 29, సోమవారం

గడికి పోయాను. దొర కనిపించలేదు. మున్షీ నవ్వాడు — "రేడియేటర్ ఊకెనే పెట్టుకుంటిరి గదా. మేం ఒక్కపూట కారు అడిగితిమి."

ఇంటికి వచ్చి మల్లయ్యతో అన్నాను, విప్పెయ్ అని. మధ్యాహ్నానికి విప్పి, ఎడ్లబండిలో వేసుకుపోయి గడి దర్వాజా ముందు పడేసి వచ్చాడు. చేతులు చాలాసేపు కడుక్కున్నాడు.

దాంతో ఏమవుతుంది? ఏమీ కాదు.

మార్చి 30, మంగళవారం

లచ్చవ్వ ఊరికి ఎడ్లబండి మీద పోయాను. నన్ను చూసి తలుపులు మూసుకున్నారు. ఆమె మూయలేదు. పీట వేసింది. నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు కార్ల ఉన్నవనుకున్న బిడ్డా."

లేనని చెప్పాను. తాళం మాత్రం నేనే ఇచ్చానని కూడా చెప్పాను. కొట్టినా బాగుండేది. ముంతలో నీళ్లు తెచ్చి పెట్టింది.

"సదువుకున్నదానివి. నువ్వడిగితె చెప్తరేమో. నా కొడుకు ఉన్నడా లేడా, గదొక్కటి అడుగు."

మార్చి 31, బుధవారం

పోలీసు క్యాంపు దగ్గరికి నేనూ లచ్చవ్వా పోయాం. కాపలావాడు నన్ను ఎరుగుదును అన్నాడు, పోయిన ఏడు జ్వరానికి మందిచ్చానట. లోపలికి పోయి వచ్చాడు.

"రేపు రాండ్రి."

ఉన్నాడా అని అడిగాను. నా మొహం చూడలేదు. "రేపు రాండ్రమ్మా."

ఏప్రిల్ 1, గురువారం

మళ్లీ అదే మాట. లచ్చవ్వ లేవనంది. గోడ నీడలో కూర్చుంది, కొంగులో కొడుక్కి తెచ్చిన రొట్టె. నేనూ పక్కన కూర్చున్నాను. నీడ గోడ దాటిపోయింది, ఎండ మా మీదికి వచ్చింది. జరిగి కూర్చోమన్నాను. నా చెయ్యి పట్టుకుంది. నన్ను కదలనివ్వకుండానో, తనకు ఆసరా కోసమో... తెలియలేదు. లోపల ఎవరో తలుపు తీశారు. కాపలావాడు ఈసారి రేపు రమ్మనలేదు, రొట్టె కొంగులోనే ఉంచుకోమన్నాడు.