అద్దాలు దించని కారు

స్ప్లిట్
ఆగస్టు మొదటి వారం

ఆలోయిస్ గారికి,

నమస్కారం. ఇది పద్ధతి కోసం పెట్టింది, ఇంకోలా అనుకోవద్దు.

మీ డెబ్బయ్యో పుట్టినరోజుకు మీ చెల్లెల్ని తీసుకువస్తున్నాను. ఇన్నేళ్ళూ రైల్లో ఒక్కతీ వెళ్ళమంటే వెళ్ళలేదు. "వెళ్తే ఇద్దరం, లేకపోతే లేదు" అనేది. ఈ వేసవిలో వంటింటి గిన్నెలతో మాట్లాడడం మొదలుపెట్టింది. "మా అన్నయ్యను మళ్ళీ చూస్తానో లేదో" అని పులుసు గిన్నెతో అంటుంది, నాకు వినబడేటట్టు. అందుకని ట్రియెస్టె, ఆల్ప్స్ కొండలు, సాల్జ్‌బర్గ్ మీదుగా మా పాత కారులో మెల్లగా వస్తున్నాం.

మీ గడప మాత్రం తొక్కను. కారణం మీకు తెలుసు. కొన్నేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో మా అమ్మను భోజనానికి పిలిచి, ఆవిడ వెనక ఒక కిటికీ, ముందు ఒక కిటికీ తెరిచారు. కిటికీ నుంచి కిటికీకి దూరే గాలి మనిషిని తీసుకుపోతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. మేం దాన్ని ప్రొపూహ్ అంటాం, ఆ మాట అంటూనే లేచి తలుపు వేస్తాం. పాపం, తప్పించుకోవడానికి అమ్మ కుర్చీ కూడా జరుపుకుంది. దగ్గుతో ఇల్లు చేరింది, నెల తిరక్కుండా పోయింది.

"కిటికీ తెరవడం నా తప్పే" అని ఒక్క వాక్యం రాసివ్వండి, గడప సంగతి ఆలోచిస్తాను. ఉద్యోగమంతా లాటిన్ చెప్పి బతికినవాణ్ణి. వాక్యం రాయడం రాకపోతే నేర్పుతాను.

ఇట్లు,
యెర్కో

తా.క. జవాబు ట్రియెస్టె పెద్ద పోస్టాఫీసుకు నా పేర రాయండి. మా హెడ్మాస్టరు కూడా క్లాసుల్లో కిటికీలు తెరిపించేవాడు. నేనున్నాను, ఆయన లేడు.


పాసౌ

బావా!

సంతోషం పట్టలేక నీ ఉత్తరం ఇరుగుపొరుగుకు చదివి వినిపించాను, మధ్యలో ఒక పేరా వదిలేసి.

మేడ మీద మూల గది నీకోసం సిద్ధం చేశాను. మా ఇంటికల్లా మంచి గది. అటు డాన్యూబు, ఇటు ఇన్ నది, రెండువైపులా పెద్ద కిటికీలు. పగలూ రాత్రీ రెండూ తెరిచే ఉంచాను. గాలి ఒక నది మీంచి వచ్చి ఇంకో నది మీదికి పోతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. నీ మంచం సరిగ్గా ఆ దారిలో వేయించాను. ఇంత మర్యాద నేనెవరికీ చేయలేదు.

ఆ వాక్యం మాత్రం రాయలేను బావా. మీ అమ్మగారిది ఎనభై ఎనిమిదేళ్ళ గుండె, అలిసిపోయింది. ఆ పాపం గాలికి అంటగట్టలేను. కిటికీలు తెరవందే మా ఇళ్ళల్లో పొద్దున కాఫీ కూడా తాగం.

నీ
ఆలోయిస్

తా.క. కిటికీల కొక్కేలు తుప్పు పట్టాయి, మూద్దామన్నా పడవు. అయినా నువ్వెందుకు మూస్తావులే.


ఫిల్లాఖ్

ఆలోయిస్ గారికి,

మీ ఉత్తరం ట్రియెస్టె పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. మీ పథకం అర్థమైంది. రాజుల్ని విందుకు పిలిచి చంపిన బంధువుల గురించి చాలా చదివాను. వాళ్ళు కనీసం విషం కలిపే శ్రమ పడ్డారు. మీరు మంచం జరిపి ఊరుకున్నారు.

మీ చెల్లెలు నవ్వింది. "కొండల మీంచి ఆ బూర గాలి వీచినప్పుడు మీ ఊళ్ళో జనం స్తంభాలు పట్టుకుని నడుస్తారు, దాన్ని ఆరోగ్యం అంటారు. కిటికీలోంచి ఇంత గాలి వస్తే చావంటారు. ఏం మనుషులండీ మీరు?" అంది. "బూర వీధిలో ఎదురుగా వస్తుంది, శత్రువులా. దూరే గాలి ఇంట్లో వెనక నుంచి వస్తుంది, చుట్టంలా" అన్నాను.

కారు అద్దాలన్నీ మూసే ఉన్నాయి. నా మెడకు మఫ్లరు ఉంది. ఇటలీ దాటాక కొండ మలుపుల్లో మీ బుర్గీకి కళ్ళు తిరిగాయి. దిగి కాసేపు ఒక రాతి మీద కూర్చుంది. నిమ్మకాయ వాసన చూపించాను. ఇప్పుడు బాగానే ఉంది, అంటే నాతో మాట్లాడడం లేదు.

ఆవిడ మీ ఇంట్లోకి వస్తుంది. నేను మీ వీధిలో, నా కారులో ఉంటాను. ఏదన్నా రాయాలనిపిస్తే సాల్జ్‌బర్గ్ పోస్టాఫీసుకు రాయండి.

యెర్కో

తా.క. అన్నయ్యా, ఇది నేను, బుర్గీని. కవరు అంటించి పోస్టు చేసేది నేనే, ఈయనకు తెలీదు. కంగారుపడకు. ఈయన పెట్రోలు పోయించడానికి దిగినప్పుడల్లా నాలుగద్దాలూ దించి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వచ్చేలోపు ఎత్తేస్తున్నాను. నాకిది అలవాటే.


పాసౌ

యెర్కో గారికి,

ఇక బావా లేదు, గీవా లేదు. ఆ కారులో ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఎలా తెలుసని అడగొద్దు. మా అమ్మ పోతూ పోతూ బుర్గీని నా చేతిలో పెట్టింది. మీరు తీసుకెళ్ళి గాజుపెట్టెలో పెట్టారు.

దాన్ని సాల్జ్‌బర్గ్‌లో రైలెక్కించండి. మీరు అటునుంచి అటే మీ సముద్రానికి వెళ్ళిపోండి. పుట్టినరోజు భోజనానికి పిలిచినవాళ్ళందరికీ రావద్దని చెప్పేశాను.

ఆలోయిస్

తా.క. కిటికీ పక్క సీటు.


సాల్జ్‌బర్గ్

ఆలోయిస్ గారికి,

మీ ఉత్తరం ఆవిడకు చూపించాను. పెట్టె నేనే స్టేషను దాకా మోశాను. టికెట్టు కూడా కొన్నాను, కిటికీ పక్కదే. రైలు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఆవిడ బెంచీ మీంచి లేవలేదు.

"ఇద్దరం, లేకపోతే లేదు అన్నానుగా. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?" అంది.

తిరిగి కారెక్కి, తన వైపు అద్దం తనే ఎత్తుకుంది.

నేను చదవని పుస్తకాలు తక్కువ. అలా అద్దం ఎత్తుకునే మనిషికి ఏం చెప్పాలో వాటిలో ఎక్కడా లేదు.

ఈ ఉత్తరం కంటే మేమే ముందు రావచ్చు. నేను కారులోనే ఉంటాను. ఆ మాట మారలేదు.

యెర్కో

తా.క. టికెట్టు వాపసు తీసుకోరట. మీ పుట్టినరోజు కానుకగా పంపుతున్నాను.


పాసౌ

బావా,

క్షేమంగా ఇల్లు చేరి ఉంటారు.

నేను ప్లేటుతో వచ్చి నీ కారు అద్దం తట్టినప్పుడు రెండు వేళ్ళ సందు దించావు. ఆ సందులో కుడుము పట్టలేదు. "ఎక్కండి, ఎక్కండి, తలుపు వేయండి, గాలి!" అని అరిచావు. డెబ్బయ్యో పుట్టినరోజు భోజనం మూసిన కారులో చెమటలు కక్కుతూ చేశాను. బుర్గీ వంటింటి కిటికీలో నిలబడి మనల్నే చూసింది. తినడం అయ్యాక నువ్వు దిగమనలేదు, నేను దిగలేదు.

అంతకుముందు వంటింట్లో అది నాకొక సంగతి చెప్పింది. నీతో అననని మాట పుచ్చుకుంది. నువ్వు కొండదారుల్లో బండి నడపాలి కదా అని ఇన్నాళ్ళూ ఆగాను. ఇప్పుడు మాట తప్పుతున్నాను.

నువ్వు పొద్దున్నే పేపరు కోసం మెట్లు దిగగానే మీ ఇంట్లో కిటికీలన్నీ తెరుచుకునేవి. తెరిపించేది మీ అమ్మ. ఏళ్ళ తరబడి, డిసెంబరులో కూడా. రెండు కిటికీల మధ్య కుర్చీ వేయించుకుని కళ్ళు మూసుకుని కూర్చునేదట. నీ అడుగుల చప్పుడు వినబడితే, "మూసెయ్, అమ్మాయ్, మూసెయ్, వాడొస్తున్నాడు" అనేదట.

ఆ మాటేదో ఆయనతో చెప్పేయొచ్చుగా అని బుర్గీ అడిగిందట. "చిన్నప్పుడు వాడి ఊపిరితిత్తులు మంచివి కావు. గాలి పేరు చెప్పి నేనే భయపెట్టి పెంచాను. ఆ జాగ్రత్త వల్లే బతికానని వాడి నమ్మకం. ఇప్పుడు అదంతా ఉత్తిదేరా అంటే, వాడు నా ముఖం ఎలా చూస్తాడు?" అందట.

మా ఇంట్లో ఆరోజు ఆవిడ కుర్చీ జరుపుకున్న మాట నిజమే బావా. గాలికి ఎదురుగా జరుపుకుంది.

నేను చెప్పానని దానికి తెలియనీకు.

నీ
ఆలోయిస్

తా.క. కొక్కేలకు నూనె వేశాను. ఇప్పుడు మూసుకుంటున్నాయి.


స్ప్లిట్

బావా,

నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క నమ్మను. సాక్షి నీ చెల్లెలు, రాసినవాడివి నువ్వు. అడుగుదామంటే అమ్మ లేదు. ఇలాంటి సాక్ష్యం రోమన్లు కూడా ఒప్పుకోలేదు. నా అభిప్రాయం మారలేదు. నేను ఇంట్లో ఉన్నంతసేపూ ఈ ఇంట్లోకి గాలి దూరదు.

వచ్చే ఏప్రిల్‌లో నువ్వు ఇక్కడికి రా. అమ్మ గది ఇస్తాను. దానికి రెండు కిటికీలున్నాయి. మొన్న వాటి గొళ్ళాలు పట్టుకుని చూశాను. ఎవరూ తెరవని కిటికీలు కదా, తుప్పు పట్టి ఉంటాయనుకున్నాను. అరిగి నున్నగా ఉన్నాయి. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

కుడుములు బాగున్నాయి. ఉప్పు ఎక్కువ.

నీ
యెర్కో

(కవరు వెనక)

తా.క. అన్నయ్యా, ఈసారి కవరు ఈయనే అంటించేశారు, అందుకని వెనక రాస్తున్నాను. నువ్వేం రాశావో నాకు చూపించలేదు. ఈయన ఒంట్లో బాగున్నట్టు లేదు. కింది కొట్లో దొరికే పేపరు కోసం రేవు దాకా వెళ్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు రోజూ మెట్ల మీద తాళంచెవులు పడేసుకుంటారు, వెతుక్కోవడానికి ఎంతసేపో, పైగా వీధంతా వినబడేలా దగ్గు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే రారు. ఒక్కటే మేలు, కిటికీలన్నీ నింపాదిగా మూసుకోవడానికి నాకు బోలెడు టైము దొరుకుతోంది.
బుర్గీ