గుర్రం పంపనక్కర్లేదు

ఆదివారం సాయంత్రం,
రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి

మార్లేనే బంగారం,

నువ్వు కట్టిచ్చిన బన్నుల్లో సగం లౌతారో బస్సులోనే మింగేశాడు. "డాక్టరు కొడుకువి కదరా, ఇంట్లో తిండి పెట్టరా నీకు?" అని మిలాగ్రోస్ అడిగితే, "పెడతారు, కానీ అన్నీ ఒంటికి మంచివే పెడతారు" అన్నాడు. నువ్వు సెలవులన్నీ ఆ బేకరీ పొయ్యి ముందు గడుపుతుంటే నేనిలా కొండలెక్కడానికి రావడం సిగ్గుగానే ఉంది. తిట్టుకోకు. ఎందుకొచ్చానో ఈ ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది.

రేపటి నుంచి కాలిబాటే. మేం ఆరుగురం, మా వెంట హొరాసియో మాస్టారు. డేరాలు, తాళ్ళు, దిక్సూచి అన్నీ ఉన్నాయి. మాస్టారు నియమాలు చదివారు. మోసుకెళ్ళిందే తినాలి. ఎవరి గుడిసెలోకీ వెళ్ళకూడదు, ఎవరి సాయమూ తీసుకోకూడదు. "వారం పాటు మీకు మనిషి జాడ కనిపించదు" అన్నారాయన, పటం మీద చెయ్యి ఆడిస్తూ. నాకు నవ్వు ఆగలేదు. ఆయన చెయ్యి ఆడించిన ఆ ఖాళీ చోటులో క్లోరిందా పెద్దమ్మ కోళ్ళు మేస్తుంటాయి. వేసవి వస్తే మన వాళ్ళంతా మందల్ని తోలుకుని ఎక్కేది అక్కడికేనని ఆయనకెవరు చెప్పాలి? మూడో లోయలో మా అమ్మే ఉంది. నేను చెప్పలేదు. అందరూ అడవి మనుషుల్లా బతకబోతున్నామని అంత సంబరపడుతుంటే ఎలా చెప్పను?

ఇక అసలు సంగతి. మార్చిలో బడి తెరిచాక నేను రావడం లేదు మార్లేనే. ఈ ఏడే కాదు, ఇక ఎప్పటికీ రాను. నాన్న పోయాక మందని మా అన్న నేరీ చూసుకునేవాడు. వాడిప్పుడు గ్యాస్ బావుల పనికి వెళ్ళిపోయాడు, తిరిగి రాడు. అమ్మ మోకాళ్ళు వాచి ఉంటాయి. ఈసారి ఎక్కేటప్పుడు ఏటి దగ్గర రాయి మీద కూర్చుని చాలాసేపు లేవలేదని నాకు వేరేవాళ్ళు చెప్పారు. ఆమె చెప్పదు. మా ఇంట్లో అక్షరం పట్టిన మొదటిదాన్ని నేనే. ఆ సంగతి అమ్మ దారిన పోయే గాడిదలకి కూడా చెప్తుంది. అలాంటి మనిషి ముఖం చూస్తూ "మానేస్తున్నా" అనే ధైర్యం నాకు లేదు. అందుకే ఊరు దాటేముందు రేడియో వాళ్ళ దగ్గరికి వెళ్ళి కబురు రాసిచ్చాను. కొండకి రేడియోలో చెప్పిన మాటంటే నీకు తెలియనిదేముంది, పదిమందిలో ఒట్టేసినట్టే. ఇక నేను మనసు మార్చుకోవాలన్నా కుదరదు.

ఏం రాశానో నీకూ చెప్తున్నాను. "ఆగ్వా బ్లాంకా లోయలో ఉన్న ఒర్ఫేలినా గారికి కూతురు జులేమా తెలియజేయునది. మార్చిలో బడికి వెళ్ళను. మందతో పాటు నేనే దిగుతాను. నన్ను బడికి దింపడానికి గుర్రం పంపనక్కర్లేదు." శనివారం మధ్యాహ్నం చదవమని రేడియోలో కబుర్లు చదివే ఒస్వాల్దో గారికి మరీ మరీ చెప్పాను. శనివారానికి మేం అమ్మ ఉన్న లోయకి చేరతాం. మిగతావాళ్ళు దిగిపోతారు, నేను ఉండిపోతాను.

ఈ వారం ఎందుకంటావా? ఆ కొండల్లో పెరిగాను కానీ ఒక్కసారి కూడా ఊరికే నడవలేదు. నా ముందు ఎప్పుడూ మేకలే నడిచేవి. ఒక్కసారి నా ఈడు వాళ్ళతో, ఆట కోసం నడవాలనిపించింది. ఆ ఒక్కటీ తీసుకుని సరిపెట్టుకుంటాను. నర్సు చదువుకి ఇద్దరం కలిసి వెళ్దామన్నాం. నువ్వు వెళ్ళు. నా మీద కోపం వస్తే రానీ, కానీ వెళ్ళు.

నీ
జులేమా

*

గురువారం,
కనుమ కింద పచ్చిక నుంచి

నా మార్లేనే,

కొంప మునిగింది. ఒస్వాల్దో గారు శనివారం దాకా ఆగలేదు. "తల్లికి వెళ్ళే కబురు ఆపితే పాపం" అనుకున్నారట ఆ మహానుభావుడు. మంగళవారం మధ్యాహ్నమే చదివేశారు. జవాబు వచ్చేదాకా చదువుతూనే ఉండటం వాళ్ళ పద్ధతి కదా, అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం నా పరువు లోయ లోయకీ పంచుతున్నారు.

నాకు ఇవేవీ తెలియవు. మంగళవారం మేం మంచి ఊపు మీద ఉన్నాం. తాడు కట్టి ఏరు దాటాం. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. మంచు కరిగిన నీళ్ళు, ఎముకలు కొరికేస్తున్నాయి. లౌతారో కాలు జారితే వాణ్ణి మిలాగ్రోస్ జుట్టు పట్టుకుని లాగింది. వాడు బతికాడు కానీ వాడి వీపు మీది తిండి మూట ఏటి పాలైంది. "నా జుట్టు వదిలి మూట పట్టుకోవాల్సింది" అంటాడు వాడు. "అదే అనుకున్నా, చెయ్యి తడబడింది" అంటుంది ఇది. ఒడ్డున పడి అందరం కడుపు పట్టుకుని నవ్వాం. నిన్ను తలుచుకున్నాను. చదువంటే పుస్తకాలనుకునేదాన్ని, ఇంతమంది ఒకేసారి నవ్వడం కూడా అందులో భాగమేనేమో.

బుధవారం మిగిలిన బిస్కట్లు పంచుకుంటుంటే అమ్మ పక్క లోయలో ఉండే ఫిదేల్ తాత గుర్రం మీద వచ్చాడు. జీనుకి ఒలిచిన మేకపిల్ల వేలాడుతోంది. దిగకుండానే, నన్ను ఎరగనట్టే అందరినీ తేరిపార చూశాడు.

"ఇందులో ఒర్ఫేలినా కూతురెవరు?"

చెయ్యెత్తాను.

"ఓహో. గుర్రం వద్దన్నది నువ్వేనా?"

మాస్టారు ముందుకొచ్చి, "క్షమించండి, మేం ఎవరి దగ్గరా సాయం తీసుకోకూడదు" అన్నారు.

"సాయమా? ఎవరు చేశారు మాస్టారూ? మేకపిల్ల బండ మీంచి జారి పడి చచ్చింది. మీరు తినకపోతే నక్క తింటుంది. మీ ఇష్టం."

"మెడ దగ్గర కత్తిగాటు ఉంది కదండీ" అన్నాడు లౌతారో.

"బండ పదునుగా ఉందిరా అబ్బాయ్."

మాంసం కాలుతుంటే తాత కబురంతా వాళ్ళ ముందు పెట్టేశాడు. పాఠం అప్పగించినట్టు, ఒక్క ముక్క పొల్లుపోకుండా. మిలాగ్రోస్ నా వంక చూసి, "మూడు రోజులుగా ఒకే డేరాలో పడుకుంటున్నాం కదే" అంది. అంతే అంది. నా వాటా మాంసం లౌతారోకి ఇచ్చేశాను.

ఇవాళ కనుమ ఎక్కుతుంటే వడగళ్ళు పడ్డాయి. ఎండగా ఉన్నదల్లా ఒక్కసారిగా నల్లబడి, రేగుపళ్ళంత గడ్డలు. మాస్టారి దిక్సూచి పనికొచ్చింది, నిజం చెప్పాలి. మబ్బులో నేను దారి తప్పు చెప్పాను, ఆయన సరిదిద్దారు. డేరా గుడ్డ చిరిగింది. కిందికి దిగేసరికి క్లోరిందా పెద్దమ్మ గాడిద మీద వేడి రొట్టెలు, మేకమాంసం వేసుకుని దారికి అడ్డంగా నిలబడి ఉంది. వాళ్ళ మేక కూడా జారి పడిందట. "ఈ కొండల్లో మేకలు ఎలా బతికి బట్టకడుతున్నాయండీ?" అని మాస్టారే అడిగారు. నియమాలు వదిలేశారాయన. మాతే ఆకు కషాయం బుర్ర చేతికిస్తే తీసుకుని తాగారు కూడా.

పెద్దమ్మ మాత్రం నన్ను వదల్లేదు.

"మీ అమ్మ మోకాళ్ళు నొప్పి పుడితే నువ్వు బడి మానేస్తావా? నువ్వు మానేస్తే వాపు తగ్గుతుందా?"

"అది కాదు పెద్దమ్మా..."

"మరేంటి? పోయిన వేసవిలో మనవడికి జ్వరమొస్తే మందు సీసా పట్టుకుని నీ కోసం లోయ దాటొచ్చాను. మీద ఏం రాసుందో చదివి, ఎన్ని చుక్కలో చెప్పావు. నువ్వూ మాలాగే మేకల వెనక పడితే నేనెక్కడికి పోను? నక్కని అడగనా?"

"చదవడం మర్చిపోను కదా."

"చుక్కలు చదవడం కాదే, చుక్కలు రాసిచ్చే మనిషివి అవుతావనుకున్నాం." అని ముక్కు చీదుకుని, "రొట్టె తిను, చిక్కిపోయావు" అంది.

మార్లేనే, వీళ్ళంతా నా మంచికే చెప్తున్నారు. కానీ వీళ్ళెవరూ ఏటి దగ్గర రాయి మీద అమ్మ పక్కన కూర్చోరు. నన్ను భయపెడుతున్నది వేరే. అమ్మ దగ్గర్నుంచి జవాబు లేదు. ఎవరికైనా చెప్పి పంపితే ఆరోగ్య కేంద్రం వైర్‌లెస్‌లోంచి ఊరికి అందేది. పంపలేదు. రోజూ మధ్యాహ్నం కబురు చదువుతున్నారు, ఆమె రోజూ వింటూ ఊరుకుంటోంది. నాతో అసలు మాట్లాడదేమో. ఎల్లుండి ఆ లోయలోకి దిగాలి.

పెద్దమ్మ అల్లుడు కిందికి వెళ్తున్నాడు, ఈ ఉత్తరం అతనికిస్తున్నాను.

నీ
భయస్తురాలు జులేమా

*

ఆదివారం ఉదయం,
అమ్మ గుడిసె ముందు నుంచి

మార్లేనే, నా తల్లీ,

ముందు నిన్న జరిగింది జరిగినట్టు చెప్పనీ.

మేం లోయలోకి దిగేసరికి అమ్మ మందని దొడ్లోకి తోలుతోంది. కర్ర ఊతం మీద కుంటుతూ వచ్చి, నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది. కోపం లేదు. ఏమీ లేదు. "వీళ్ళంతా నీ స్నేహితులా? బట్టలు తడిసిపోయాయే! రండి రండి, పొయ్యి దగ్గరికి రండి" అని హడావుడి. మాస్టారు టోపీ తీసి, ఇక్కడ మా అమ్మ గుడిసె ఉందని మొదటి రోజే చెప్పనందుకు నా వైపొక చూపు చూశారు.

"అమ్మా, రేడియోలో..." అన్నాను.

"ఆ రేడియో చెడిపోయిందే. మంగళవారం నుంచి పలకడం లేదు. ఏ కబురూ తెలియడం లేదు."

నా గుండె మీంచి బండ దిగినట్టయింది, వెంటనే మళ్ళీ ఎక్కింది. వినలేదంటే, ఇప్పుడు నేనే ముఖం చూసి చెప్పాలి.

అమ్మ పిండి కలుపుతూ కబుర్లు చెప్తూనే ఉంది. మోకాళ్ళు కాస్త నయమట. క్లోరిందా వచ్చి చీజ్ ఇచ్చిపోయిందట. "ఈ ఏడు అందరికీ నా మీద ప్రేమ ఎక్కువైంది, ఎందుకో!" అని నవ్వింది. తర్వాత, కూరలో ఉప్పు గురించి చెప్తున్నంత మామూలుగా, మన మేకల్ని ఫిదేల్ తాత మందలో కలిపేస్తున్నానని చెప్పింది. దిగేటప్పుడూ, వచ్చే వేసవి ఎక్కేటప్పుడూ వాళ్ళ మనవలే తోలుతారు. పుట్టిన పిల్లల్లో సగం వాళ్ళకి.

"సగమా! అమ్మా, సగం పోతే మనకేం మిగులుతుంది?"

"సగం మిగులుతుంది."

"ఎప్పుడు మాట్లాడుకున్నారిదంతా?"

"మంగళవారం సాయంత్రం" అంది అమ్మ, పిండి మీంచి కళ్ళెత్తకుండా.

అప్పటికీ నాకు వెలగలేదు చూడు. చదువుకున్నదాన్ని కదా!

సగం పిల్లలంటే ఎంతో నీకు తెలుసు. చలికాలం పిండి, నూనె, అమ్మ చెప్పులు, అన్నీ అందులోంచే. ఇక చెప్పేద్దాం, ఈ బేరం వద్దని చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అమ్మ మంట ఊదడానికి వంగింది. ఏప్రన్ జేబులోంచి రెండు బ్యాటరీలు జారి దొర్లుకుంటూ లౌతారో కాళ్ళ దగ్గర ఆగాయి. వాడి మంచితనం పాడుగాను! "అరె, పిన్నిగారూ, బ్యాటరీలు ఇక్కడున్నాయండీ!" అని సంబరంగా తీసి, అమ్మ "వద్దు బాబూ, వద్దు" అంటున్నా వినిపించుకోకుండా రేడియోలో వేసేశాడు. పాటొచ్చింది. పాట ఆగింది. మధ్యాహ్నం కబుర్లు మొదలయ్యాయి.

"ఆగ్వా బ్లాంకా లోయలో ఉన్న ఒర్ఫేలినా గారికి..."

మా అమ్మ ఏం చేసిందో తెలుసా? పిండి చేతులు రెండూ చెవులకి అడ్డం పెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకుని, మేకల్ని పిలిచే కేక ఉంటుంది చూడు, ఆ కేక మొదలుపెట్టింది. లోయంతా మోగిపోయింది. దొడ్లో మేకలన్నీ తలలెత్తాయి. ఒస్వాల్దో గారు ఏదో చదువుతున్నారు, ఒక్క ముక్క వినపడలేదు. మిలాగ్రోస్ పరిగెత్తి రేడియో కట్టేసింది.

అమ్మ కేక ఆపింది. చెవుల మీంచి చేతులు తీసింది. జుట్టు నిండా పిండి. ఊపిరి ఎగపోస్తోంది.

"ఏదో కబురొచ్చినట్టుంది" అంది. "నాకు వినపడలేదు. వినపడని కబురుకి జవాబెలా ఇవ్వను? మీకెవరికైనా వినపడిందా?"

లౌతారో నేల చూపులు చూశాడు. "లేదు పిన్నిగారూ. గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు. ఆకు కూడా కదలడం లేదప్పుడు.

"మేకల అరుపులండీ" అంది మిలాగ్రోస్.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నాకసలు ఎడమ చెవి సరిగ్గా పనిచేయదమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. చిన్నప్పుడు జ్వరం చూడటానికి నుదుటి మీద చెయ్యి పెట్టి నా ముఖంలోకి చూసేది, అలాగే చూసింది. అప్పుడు తెలిసింది నాకు. మంగళవారమే విన్నది. విని, బ్యాటరీలు పీకి జేబులో వేసుకుని, ఆ మోకాళ్ళతోనే లోయ దాటి ఫిదేల్ తాత గుడిసెకి నడిచివెళ్ళింది. సగం మేకపిల్లల్ని ఇచ్చేసి వచ్చి, నేను తిరిగి తీసుకోలేనని వదిలిన మాటని తనే తీసేసింది.

"నీకు వినపడిందా జులేమా?"

సగం పిల్లలు గుర్తొచ్చాయి. ఏటి దగ్గర రాయి గుర్తొచ్చింది. అవునంటే ఆమె ఓడిపోతుంది. కాదంటే నేను ఆమెకి బాకీ పడతాను, ఎన్నేళ్ళకి తీరుతుందో తెలియని బాకీ.

"లేదమ్మా. నాకూ వినపడలేదు."

"సరే అయితే. రొట్టెలు మాడుతున్నాయి, చూడు" అంది అమ్మ. పక్కకి తిరిగి, పిండి చేతులతోనే ముఖం తుడుచుకుంది.

ఇప్పుడు మేం దిగబోతున్నాం. అందరూ మూటలు కట్టుకున్నారు. అమ్మకి వీడ్కోలు చెప్పడం రాదు. నా వెనక నిలబడి, వీపుమూట పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి బిగువు చూస్తోంది, కంచరగాడిదకి జీను కట్టేటప్పుడు చూస్తుందే, అలా. "ఎడమది వదులుగా ఉంది. దారిలో వీపు కొట్టుకుపోతుంది" అని బిగించింది. వదలకుండా ఇంకోసారి బిగించింది. నేను కదలకుండా నిలబడే ఈ చివరి ముక్కలు రాస్తున్నాను మార్లేనే, ఆమె చెయ్యి ఇంకా పట్టీ మీదే ఉంది.

మార్చిలో వస్తున్నాను.

నీ
జులేమా