మామ బోరులో పెట్రోలు

డిసెంబరు, మంగళవారం

మరిపెడలో మా మేనమామ కొత్త బోరు స్టార్టరు డబ్బాకు తాళం వేసుకుని కూర్చున్నాడు! నీళ్ల మీద రంగుల జిడ్డు తేలిందట, కింద పెట్రోలు ఉందట. పక్కనే మిరపతోట వాడిపోతోంది. కాలేజీలో పిల్లలకు రాళ్ల పాఠం చెప్పే నేను సెలవు పెట్టి పరుగెత్తాల్సి వచ్చింది.

"గోదారి సముద్రంల కలిసేకాడ దొరుకుతాంది గద బిడ్డా, మనకాడ ఎందుకుండది?" అన్నాడు మామ.

అక్కడ నేల చీలి కుంగిందనీ, ఆ గుంటలో కోట్ల ఏళ్లు బురద పొరలుగా పేరుకుందనీ, అందులోని జీవాలు లోపలి వేడికి మగ్గి నూనె అయ్యాయనీ, మన కింద ఉన్నది ఉత్త గ్రానైటనీ మూడుసార్లు చెప్పాను. విననే వినడు. నీళ్ల జాడ చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోటే బోరు వేయించాడట, అదీ సాక్ష్యం! విసుగొచ్చి ఆ నీళ్లు దోసిట్లో పోసి వాసన చూడమన్నాను.

"ఇది బోరు బండి ఆయిల్, మామా."

వాసన చూశాడు. తాళం తీసి మోటరు వేశాడు.

"అంటే మన భూమి దేనికీ పనికిరాదంటవ్," అన్నాడు మెల్లగా.

ఆ రాతిలో రెండించుల నీళ్లు పడటమే పెద్ద అదృష్టం. ఆ మాట చెప్పాల్సింది నేనే. బస్సు తొర్రూరు దాటాక గుర్తొచ్చింది.