పిన్ని మానేసిన పాట

పిచ్చుకకు,

బాబాయి దీవెనలు. షాపులో గడియారాలన్నీ బాగానే నడుస్తున్నాయి, ఆగిపోయింది ఇల్లే. మీ పిన్ని కూనిరాగం మానేసింది.

కుట్టు మిషను తొక్కుతూ ఎప్పుడూ ఒకటే పాట తీసేది కదా. చలికాలం వచ్చినప్పటినుంచీ అది లేదు, ఉత్త మిషను చప్పుడే. "ఒంట్లో బాగాలేదా?" అంటే "బాగానే ఉంది" అంటుంది. "నా మీద కోపమా?" అంటే "ఇప్పుడు కొత్తగా ఎందుకు?" అంటుంది. డాక్టరు గొంతు చూసి శుభ్రంగా ఉందన్నాడు.

పాట మర్చిపోయి ఉంటుందని నా అనుమానం. అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. నువ్వు నగరంలో అంత పెద్ద వాద్యబృందంలో వయొలిన్ వాయిస్తున్నావు, ఆ పాటేదో కనుక్కుని రికార్డు పంపు. మెట్లు దిగినట్టు మొదలవుతుంది. మధ్యలో ఏదో పోగొట్టుకున్నట్టు తచ్చాడుతుంది. చివర్లో తలుపేసినట్టు ఠక్కున ఆగుతుంది. మాటలుండవు.

మీ బాబాయి

తా.క.: నీకు వివరంగా రాద్దామని పక్కింటాయన ముందు పాడి చూశాను. పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చాడు.

*

బాబాయికి,

నమస్కారం. మెట్లు దిగినట్టు అనగానే పట్టేశాను. అది పెద్దాయనది! పెద్దాయన అంటే ఎవరనుకున్నావు, ఆ మహా స్వరకర్తే. మా బృందంలో అందరం అలాగే పిలుస్తాం. ఆయన రాసినవాటిలో జనం ప్రాణం పెట్టేవి చాలా ఉన్నాయి గానీ, అందరి నోళ్ళలో నానేది మాత్రం ఈ పడవ పాటే. రికార్డు పంపుతున్నాను.

ఈ నెలంతా మాకు ఆయనతోనే పని. పొద్దున లేస్తే ఆయనే, పడుకుంటే ఆయనే. ప్రాణం తోడేస్తున్నాడు, అయినా వదల్లేకపోతున్నాను.

నీ పిచ్చుక

తా.క.: ఒక్కమాట చెప్పనా, నేను ఆయన మీద మనసు పారేసుకుని చాలా కాలమైంది.

*

పిచ్చుకకు,

దీవెనలు. రికార్డు పెట్టాను. పిన్ని చేతిలో కత్తెరతోనే గుమ్మంలోకి వచ్చింది. మెట్లు దిగినంతసేపూ తల ఊపింది. తర్వాత "ఇదెటు పోతోంది?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాబట్టి మొదలు సరిగ్గానే ఉంది, మధ్యలో పెద్దాయనే దారి తప్పారు. మెల్లగా నచ్చజెప్పి సరిచేయించు. గడియారం తప్పు నడిస్తే, అది ఎంతటివారిదైనా నేను మొహమాటపడను.

మీ బాబాయి

తా.క.: పొద్దున లేస్తే ఆయనే, పడుకుంటే ఆయనే అని రాశావు. ఆయనకి ఇల్లూ వాకిలీ లేవా?

*

బాబాయికి,

నవ్వలేక చచ్చాను. పెద్దాయన రాసినదాంట్లో ఒక్క స్వరం కదపాలంటే గుండెలు కావాలి. ఆయనా, పాపం, ఇక కలం పట్టే స్థితిలో లేడులే!

తచ్చాడే పాట అంటే విషాదయాత్ర అయ్యుంటుంది. అదీ ఆయనదే, అదంటే జనానికి మహా ఇష్టం. పంపుతున్నాను.

నీ పిచ్చుక

తా.క.: ఏడుపొస్తే ఆపుకోకు. మా డోలు వాయించేవాడే కళ్ళు తుడుచుకుంటాడు.

*

పిచ్చుక తల్లికి,

ఇక్కడ కొంప మునిగింది. విషాదయాత్ర పెట్టుకుని, పాపం పెద్దాయన స్థితి తలుచుకుని కాస్త ఏడ్చాను. పిన్ని వచ్చి "ఎవరు పోయారు?" అంది. "ఇంకా పోలేదు, కలం పట్టే స్థితిలో లేరట" అన్నాను.

"ఎవరు?"

"మన పిచ్చుక పెద్దాయన."

నీ ఉత్తరాలన్నీ లాక్కుని చదివింది. మనసు పారేసుకున్న చోటికి వచ్చేసరికి కుర్చీలో కూలబడింది. "పిల్ల ముసలాణ్ణి చేసుకుంటోంది, అందులోనూ మంచాన పడ్డవాణ్ణి!" అని పెట్టె సర్దుతోంది. నిజమేనా తల్లీ? నాకేమీ తోచడం లేదు. మనిషి మంచివారైతే నేను అడ్డు చెప్పను. ఆయనకి ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను.

ఆ హడావిడిలోనే పిన్ని "మధ్య ముక్క మాత్రం ఇదే" అని ఒప్పుకుంది. తలుపేసే ముక్క ఇంకా దొరకాలి.

మీ బాబాయి

తా.క.: ఆయన పాదం కొలత తెలియక నా కాలికి సరిపోయేవే తీసుకున్నాను. బిగుతైతే మొహమాటపడకుండా రాయమను.

*

బాబాయీ!

ముందు పిన్ని చేత పెట్టె విప్పించు. పెద్దాయన పోయి రెండు వందల ఏళ్ళు దాటింది! నేనెవర్నీ చేసుకోవడం లేదు. నాకు పిచ్చి ఆయన సంగీతం మీద, అంతే.

తలుపేసే ముక్క నాకు అంతుపట్టలేదు. ఆయన రచనలన్నీ తిరగేశాను. మా బృందం నడిపించే ఆయన ముందు తలుపేసినట్టు వాయించి, ఇదెక్కడిదని అడిగాను. నిజం తలుపు చూపించి బయటికి పొమ్మన్నాడు.

ఎందుకు మానేసిందో పిన్నినే అడగరాదూ?

నీ పిచ్చుక

తా.క.: మేజోళ్ళు నేనే వేసుకున్నాను. మోకాళ్ళ దాకా వచ్చాయి, వెచ్చగా ఉన్నాయి.

*

పిచ్చుకకు,

పిన్ని ఆశీస్సులు. పెట్టె విప్పాను. నువ్వు మాత్రం ఇకనుంచి మనుషులకి అర్థమయ్యేలా రాయి.

మీ బాబాయి చివరికి అడిగారు, "ఆ పాట మర్చిపోయావా?" అని. "నా పాటా?" అన్నాను. అది నాదనుకుంటున్నారని నిజంగానే నాకు తట్టలేదు. అది నా పాట కాదమ్మా. షాపుకీ నా మిషను గదికీ మధ్య ఉన్నది చెక్క గోడే కదా. గడియారం విప్పి కూర్చుంటే ఆయన ఈల వేస్తారు. వేస్తున్నట్టు ఆయనకే తెలియదు. ఆ ఈల వెంట నేను రాగం తీసేదాన్ని, మిషను తొక్కడానికి ఊపుగా ఉండేది.

చలికాలంలో కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. నామోషీ అని నీకు రాయొద్దన్నారు. ఆ పళ్ళతో ఈల పలకదు. ఈల లేనిదే నాకు రాగం రాదు. ఈల ఆగింది పళ్ళ వల్లేనని అప్పుడు నాకు తట్టనే లేదు. ఆయనకేదో దిగులు పట్టుకుందని, కదిపితే బాధపడతారని ఊరుకున్నాను. ఆయనేమో నా గొంతు డాక్టరుకి చూపించారు!

నీ రికార్డులు విన్నాక తెలిసింది, మొదలు పడవ పాటది, మధ్య విషాదయాత్రది. తలుపేసే ముక్క రేడియోలో వాతావరణం చెప్పేముందు మోగించేది. మీ పెద్దాయన దగ్గర ఎంత వెతికితే మాత్రం ఏం దొరుకుతుంది?

నిన్న చిగుళ్ళు నొప్పెడుతున్నాయని పళ్ళు తీసి గిన్నెలో పెట్టి షాపులో కూర్చున్నారు. కాసేపటికి గోడ అవతల మెట్లు దిగడం మొదలైంది. నా కాలు దానంతటదే ఆడింది, నేనూ అందుకున్నాను. అంతే, కంటికి భూతద్దంతోనే పరిగెత్తుకొచ్చారు. "అదే! అదే పాట! ఎలా గుర్తొచ్చింది?" పళ్ళు లేక సగం మాటలు గాలికే పోయాయి.

"వచ్చిందిలెండి" అన్నాను.

కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను.

నువ్వు మాత్రం చెప్పకు. తెలిస్తే ఈల సరిగ్గా వేయాలని చూస్తారు.

మీ పిన్ని

తా.క.: పెద్దాయన పోయారని తెలిసినప్పటినుంచీ మీ బాబాయి సరిగ్గా భోంచేయడం లేదు. "రెండు వందల ఏళ్ళయిందండీ" అంటే, "మనకి కబురు అందింది ఇప్పుడే కదా" అంటున్నారు.