టెర్ప్‌స్ట్రా అంటే ఎవరు?

పీటర్,

నీకు తెలుగు చదవడం రాదు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఇంటిపేరు ఎక్కడిదో అడుగుతూ నెదర్లాండ్స్‌కు నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబొచ్చింది. పూర్వం, సముద్రం పొంగినప్పుడు ఎక్కి బతకడానికి ఊరివాళ్లు మట్టి మోసి పోసుకున్న దిబ్బను టెర్ప్ అంటారట. దానిమీద కాపురమున్నవాళ్లు టెర్ప్‌స్ట్రాలట.

మీవాళ్లలో మిగిలింది మీ అన్నయ్యే కదా. వాటర్లూలో ఆయనుండే వృద్ధాశ్రమానికి వెళ్లి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు.

"బాగుందమ్మా. ఇంతకీ ఎవరీ టెర్ప్‌స్ట్రాలు?"

"మీరేనండీ, బావగారూ."

"నేనా? కాదే!" అని కిటికీవైపు తిరిగిపోయారు.

పిల్లల్లేని మనింట్లో ఆ పేరు నా దగ్గరే ఆగిపోయింది. తీరా అర్థం తెలిశాక, చెప్పుకోవడానికి మనిషి లేడు.