తడిపి చూసిన పసుపు చీర

తిరుపతి, మే నెల

ప్రియమైన నాయనకు,

ఫోన్ చేస్తే "ఇదో, మీ అమ్మతో మాట్లాడు" అని అమ్మ చేతికిచ్చేస్తావు. కాగితమైతే నువ్వే చదవాల. అందుకే రాస్తా ఉండాను.

ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలా. డిగ్రీ చదివి అంగట్లో చీరలు అమ్ముతాదంట అని వీధిలో చెప్పుకున్నావంట. నేను అమ్మేదాన్ని కాదు నాయనా, కొనేదాన్ని. బయ్యర్ అంటారు. ఏ పండక్కి ఏ రంగు పోతాది, ఏ ఊరి సరుకు తెప్పించాల, ఎంత తెప్పించాల, అంతా నెలల ముందే తేల్చుకోవాల. అమ్ముడుపోతే ఎవురికీ గుర్తుండదు. మిగిలిపోతే మా మెడకే చుట్టుకుంటాది.

ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి మొక్కున్నోళ్లు కట్టే పసుపు చీరల పని మా మేనేజరు శకుంతలమ్మ నాకే ఇచ్చింది. ఇది సక్రంగా చేస్తే ఉద్యోగం ఖాయం. లేకుంటే బ్యాగు సర్దుకోని నగరికి రావాల్సిందే. మన ఊరి మగ్గాల వాళ్లనీ శాంపిల్ చీరలు తెమ్మన్నాము. నువ్వూ నేసినవి తీసుకురా. సొంత మనుషుల సరుకైతే ముందే ఆఫీసులో చెప్పాలనేది మా రూలు. చెప్తే నా బదులు జయంతి అనే పిల్ల చూస్తాది.

ఏ సంగతీ రాయి. అలిగి కూర్చోబాకు.

నీ బిడ్డ
నందిత

* * *

నగరి

చిరంజీవి నందితమ్మకు నాయన మురుగేషు దీవించి రాసేది.

నువ్వు కొనేదానివని తెలీక కాదమ్మా, తెలిసే మాట్లాడలా. అమ్మేదానివైతే నాకు బాధే లేదు.

బయ్యర్లను నేను చూసినంత నువ్వు చూసింటావా? మూట మోసుకోని పోయి వాకిట్లో కూర్చుంటే మధ్యాన్నం దాకా పిలవరు. పిలిచినాక చీర ఇప్పి, మొహం చిట్లించి, పక్కకి ఇసిరేస్తారు. ఎందుకు బాగలేదో చెప్పరు. అడిగితే "ఎత్తుకోని పోబ్బా" అంటారు. కడుపు కాలిపోతాది. నా బిడ్డ పోయి పోయి ఆ పక్క కూర్చునిందే అని నా ఏడుపు.

నేను నీ ముందర మూట ఇప్పను. నువ్వు కొంటే నాయనకని కొనిందంటారు, కొనకుంటే నాయన్నే కాదనిందంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నన్ను ఇడిసిపెట్టు.

మీ అమ్మ ఊరగాయ పంపిస్తాదంట. ఎండన పడి తిరగబాకు.

ఇట్లు
మీ నాయన

* * *

తిరుపతి, జూన్

ప్రియమైన నాయనకు,

ఊరగాయ అందింది. హాస్టల్లో పిల్లలు రెండు పొద్దుల్లోనే నాకేసినారు.

చీరలు ఎంచే పని అయిపోయింది. పుత్తూరు వాళ్ల సరుకు ఒప్పుకున్నాను. మన పక్కింటి ధనంజయ మామ కూడా ఒక మూట తెచ్చినాడు. చూసేదానికి చీర బంగారంగా ఉండాది. బక్కెట్లో ముంచి పిండి, తెల్లగుడ్డలో చుట్టి పెడితే గుడ్డంతా పసుపే. మొక్కున్నోళ్లు తలకు పోసుకోని తడి చీరతోనే కావడి ఎత్తుకోని తిరుత్తణి కొండెక్కుతారు కదా. రంగు దిగే చీర ఇచ్చేదెట్లా? తిప్పి పంపినాను.

మీ ఊరి మనిషినే కాదన్నావే అని శకుంతలమ్మ అడిగింది. అవునన్నాను. ఆ పొద్దంతా నాకు అన్నం సయించలేదు.

మామ నొచ్చుకున్నాడేమో, కొంచెం కనుక్కో.

నందిత

* * *

నగరి

నందితమ్మకు,

ధనంజయ నొచ్చుకోలేదులే. ఆ చీరలు వాడివి కావు, నావి.

నీ ముందర మూట ఇప్పనని రాసినానా, రాసినాక మనసు ఊరుకోలా. నీ పేరు చెప్పుకోకుండా నా సరుకు నెగ్గుతాదా లేదా చూడాలనిపించింది. వాడిదని చెప్పి ఇచ్చి రమ్మన్నాను. తప్పు నాదే. ట్యాంకరు రాక నీళ్లకి కరువైతే, రంగేసిన నూలును ఒక్కసారి జాడించి మగ్గానికెక్కించినాను. ఎవురు కనిపెడతారులే అనుకున్నా.

ధనంజయ వచ్చి జరిగిందంతా చెప్పినాడు. పోంగానే కూర్చోబెట్టి, వాడి ముందరే చీర తడిపి గుడ్డ చూపించినావంట. రంగు సరిచేసి తెస్తే దీపావళికి మళ్లీ చూస్తామన్నావంట. మగ్గం మిషను ఆపుకోని విన్నాను. ముప్పైయేండ్లుగా ఈ పనిలో ఉండాను, నా సరుకు ఎందుకు వద్దో చెప్పిన బయ్యర్ నువ్వే. కోపమొచ్చింది, సంతోషమూ అయింది. ఏది ఎక్కువంటే చెప్పలేను.

నీకు తెలీకుండా చేసినాను. మనసులో పెట్టుకోబాకు.

మీ నాయన

* * *

తిరుపతి, ఆగస్టు

ప్రియమైన నాయనకు,

నాకు తెలుసు. మూట ఇప్పంగానే తెలిసింది. కొంగును లోపలికి దోపి చీర మడిచేది మన వీధిలో అమ్మ ఒక్కతే. ఆ మడత నాకు అమ్మే నేర్పింది.

తెలిసీ ఆఫీసులో చెప్పలా. చెప్పింటే జయంతి చూసుండేది. ఆ పిల్లది విశాఖ. తడి చీరతో కొండెక్కుతారని దానికి తెలీదు. చక్కంగా ఉండాదని ఒప్పుకునేసేది. మొక్కు తీర్చుకోను పోయిన ఆడమనిషి ఒళ్లంతా పసుపు కారతా ఉంటే, నేసినోడెవుడో అని నిన్ను తిట్టుకునేది. అది నేను ఓర్చుకోలేను. మామ ముందర బింకంగా మాట్లాడి, ఆయప్ప పోయినాక గోడౌన్‌లో కూర్చోని ఏడ్చినాను.

పుత్తూరు చీరలు అమ్ముడుపోయినాయి. ఉద్యోగం ఖాయం చేసినారు. ఆ కాగితం చేతికొచ్చినాక ఉండలేక, శకుంతలమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేసినాను. బాగా తిట్టింది. మంచికే చేసినా రూలు తప్పింది తప్పేనంట. ఉద్యోగం తియ్యలేదు గానీ, ఇంక నగరి సరుకు మీద నేను చెయ్యి పెట్టకూడదంట. నీ చీర నేను కొనే యోగం ఈ అంగట్లో లేదు నాయనా. అది మాత్రం బాధగా ఉండాది.

దీపావళి సరుకు నీ పేరు చెప్పుకోని నువ్వే ఎత్తుకోని రా. జయంతి చూస్తాది. నూలు బాగా జాడించు. తడిపి చూసేది ఆ పిల్లకి నేనే నేర్పించినాను.

నీ బిడ్డ
నందిత