అట్టపెట్టెలోని రోబోకు ర్యాంకు లేదు

డిసెంబరు 31, రాత్రి. మదనపల్లె

బుజ్జప్పా, ఏడాది ఆఖర్న నీ రోబో బొమ్మలకు నువ్వు పెట్టే ర్యాంకులు ఈసారి చెల్లి పెట్టింది. నీ మాదిరే టీవీ మింద వరసగా నిలబెట్టింది. పుంగనూరు తిరునాళ్లలో కొన్న ఎర్ర లారీ రోబోకే ఫస్టు. చెయ్యి ఇరిగిపోయినా నీకు అదంటేనే ఇష్టమంట. కుప్పం మామ కొనిచ్చిన విమానం రోబోకు సెకండు.

మీ నాయన అటక మిందనుంచి ఇంకో అట్టపెట్టె దించినాడు. నువ్వు జరం తగ్గి ఆస్పత్రినుంచి వస్తే ఇద్దామని దాచిన కారు రోబో అది. నువ్వు నడిచి రాలేదు, మోసుకొచ్చినారు.

"దీన్ని గూడా పెట్టమ్మా" అన్యాడు.

"ఎందుకు పెట్టాల నాయనా? చేత్తో తిప్పి కారు చేసి, మళ్లా రోబో చేస్తేనే ర్యాంకు. అన్న దీన్ని తిప్పనే లేదు కదా!" అని కసిరింది చెల్లి.

మీ నాయన ఆ పెట్టె తెచ్చి నా చేతికిచ్చినాడు. నేను తిప్పుదామనుకుంటి. ఈ అమ్మ మొరటు చేతులకు ఇరిగిపోతాదేమోనని మళ్లా అటక మిందనే పెట్టేస్తి.

ఫస్టు వచ్చినదాన్ని కంచం పక్కన పెట్టుకోని, దానికొక ముద్ద చూపిస్తేనే నీకు సంగటి దిగేది. ఈ పూట ఎర్ర లారీని నేను చెల్లి కంచం పక్కన పెడితే, బిడ్డ సంగటంతా తినింది.

ఆడ నీ పక్కన ఏ బొమ్మ ఉండాదో, ఎవురు కలిపి పెడతాండారో... అలగొద్దు నాయనా. కడుపునిండా తిను.